ఐస్ హాకీ జట్టు చరిత్ర లెక్క తప్పకుండా రాయాలంటే

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు పిల్లలకు హాకీని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. 2018 నుంచి భారత జట్ల చొక్కాల మీద ఒడిశా పేరు చూస్తూనే ఉన్నారు. 2023 ప్రపంచ కప్ భువనేశ్వర్, రూర్కెలాల్లోనే జరిగింది. ఆ ఆసక్తి కొద్దీ క్విజ్ కోసమో, స్కూలు గోడపత్రిక కోసమో ఉత్తర అమెరికాలో మంచు మీద ఆడే ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లోని జట్టు చరిత్ర రాయబోతే మాత్రం మొదటి పేజీలోనే తప్పులు దొర్లుతాయి. జట్టు పేరు, ఊరు, ఫ్రాంచైజీ (లీగ్‌లో ఆడే హక్కు, దాని వెంట ఉండే రికార్డుల ఖాతా) మూడూ ఒకటే అనుకోవడం వల్లే ఇవి ఎక్కువగా వస్తాయి. అక్కడ ఈ మూడూ దేనికదే కదులుతాయి. వాటిని విడదీసి రాసే పద్ధతిని కెనడా జట్టు విన్నిపెగ్ జెట్స్ మీద చూద్దాం. ఈ ముడి విప్పగలిగితే మిగతా జట్లు తేలికే.

ముందు పొడుగాటి ఖాతా పుస్తకం ఒకటి తీసుకోండి. ఎడమ పేజీలో సీజన్, లీగ్, ఊరు, పేరు, రింక్ (ఆడే మంచు మైదానం), యజమాని అని గళ్లు గీయండి. కుడి పేజీలో ఆడినవి, గెలుపులు, ఓటములు, టైలు, ఓవర్‌టైమ్ (స్కోరు సమమైతే ఆడే అదనపు సమయం) ఓటములు, పాయింట్లు, ప్లేఆఫ్స్ (కప్పు కోసం సీజన్ చివర జరిగే పోటీలు). ఆట అక్టోబర్‌లో మొదలై మరుసటి ఏడాది జూన్ దాకా సాగుతుంది కాబట్టి సీజన్‌ను 1995-96 అని రెండేళ్లతో రాయాలి. ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిస్తే అది రెండో ఏడాది పేరు మీద పడుతుంది. రింక్, యజమాని గళ్లు చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలకండి. జట్టు ఎందుకు ఎదిగింది, ఎందుకు ఊరు విడిచింది అన్నదానికి జవాబు తరచూ ఆ రెండు గళ్లలోనే దొరుకుతుంది.

ఇక వంశక్రమం. మొదటి జెట్స్ 1972లో ఎన్‌హెచ్‌ఎల్‌కు పోటీగా నడిచిన డబ్ల్యూహెచ్‌ఏ అనే లీగ్‌లో పుట్టింది. 1976, 1978, 1979లలో ఆ లీగ్ కప్పు గెలిచింది. 1979లో డబ్ల్యూహెచ్‌ఏ మూతపడ్డాక ఎడ్మంటన్, క్యూబెక్, హార్ట్‌ఫర్డ్ జట్లతో పాటు ఎన్‌హెచ్‌ఎల్‌లో చేరింది. ఇక్కడ అడ్డగీత గీయండి, ఎందుకంటే డబ్ల్యూహెచ్‌ఏ అంకెలను ఎన్‌హెచ్‌ఎల్ తన లెక్కలో కలపదు. చేరేటప్పుడు ఆటగాళ్లలో చాలామందిని తమకున్న పాత హక్కుల పేరుతో అప్పటికే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్న జట్లు పట్టుకుపోయాయి. ఫలితం 1980-81లో కనిపిస్తుంది: 80 మ్యాచ్‌లలో 9 గెలుపులు, 57 ఓటములు, 14 టైలు. మధ్యలో వరసగా 30 మ్యాచ్‌లు గెలుపన్నదే లేదు. రెండేళ్ల కిందట కప్పు ఎత్తిన జట్టు ఇలా ఎందుకైందో ఆ అడ్డగీత పక్కన రాయకపోతే చదివేవాళ్లకు అర్థం కాదు.

1996లో ఆ ఫ్రాంచైజీ ఫీనిక్స్ వెళ్లి కయోటీస్ అయింది, 2014లో అరిజోనా కయోటీస్ అయింది. ఇప్పుడు విన్నిపెగ్‌లో ఆడుతున్న జెట్స్ వేరు. అది 1999లో అట్లాంటా థ్రాషర్స్‌గా మొదలై 2011లో అక్కడికి వచ్చింది. కాబట్టి 1992-93లో పాత జెట్స్ ఆటగాడు టీము సెలానె కొట్టిన 76 గోల్స్ కయోటీస్ ఫ్రాంచైజీ లెక్కలోకి వెళతాయి. 2024-25లో వచ్చిన 116 పాయింట్లు, ప్రెసిడెంట్స్ ట్రోఫీ (ప్లేఆఫ్స్‌కు ముందు అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జట్టుకిచ్చేది) అట్లాంటా నుంచి వచ్చిన ఫ్రాంచైజీవి. రెండింటినీ ఒకే పట్టికలో కలిపితే ఆ పట్టిక ఎందుకూ పనికిరాదు. రెండు పుస్తకాలు పెట్టి, "విన్నిపెగ్ ఊరి హాకీ" అని మూడో చిన్న పట్టిక వేరేగా వేసుకుంటే అభిమానులకూ న్యాయం జరుగుతుంది.

2024 మలుపు ఇంకా వింతగా ఉంటుంది. కయోటీస్ ఆటగాళ్లు, సిబ్బంది యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీకి తరలిపోయారు. అయినా యూటాను లీగ్ కొత్త జట్టుగానే లెక్కిస్తోంది, పాత రికార్డులు అరిజోనా పేరు మీదే ఆగిపోయాయి. ఇది మనవాళ్లకు త్వరగా తలకెక్కుతుంది. 1936లో బరంపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒరిస్సాలోకి వెళ్లాయి. ఇళ్లూ మనుషులూ అక్కడే ఉన్నా కాగితం మీద ఖాతా మారింది. యూటా విషయంలో మనుషులు కదిలారు, ఖాతా కదల్లేదు. అందుకని యూటా వరసను 2024-25 నుంచి కొత్త పేజీలో మొదలుపెట్టండి.

అంకెలు ఎక్కించేటప్పుడు పెద్ద ఉచ్చు పాయింట్ల దగ్గర ఉంది. విన్నిపెగ్‌లో పాత జెట్స్ ఆఖరి సీజన్ 1995-96 చూడండి: 36-40-6 (మొదటి రెండూ గెలుపులు, ఓటములు), 78 పాయింట్లు. అరిజోనా ఆఖరి సీజన్ 2023-24: 36-41-5, 77 పాయింట్లు. చూడ్డానికి కవలల్లా ఉన్నా సమానం కావు. మొదటిదాంట్లో మూడో అంకె టైలు. టై అయితే చెరో పాయింటు వచ్చేది. ఓవర్‌టైమ్‌లో ఓడితే సున్నా, అదీ ఆ 40లోనే కలిసి ఉంది. రెండోదాంట్లో 5 అంటే ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో (ఒక్కొక్కరుగా గోలీ మీదికి వెళ్లి గోలు కొట్టే పోటీ) ఓడినవి, ఒక్కోదానికి ఒక పాయింటు. గెలిచిన జట్టుకు ఎలాగూ 2 వస్తాయి. అంటే అప్పట్లో ప్రతి మ్యాచ్‌లోనూ పంచేది 2 పాయింట్లే, ఇప్పుడు కొన్నింట్లో 3. లీగ్ మొత్తం సగటే పైకి జరిగింది కనుక 2024 నాటి 77 నిజానికి ఇంకా కిందిస్థాయి. 1996లో జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్లి డెట్రాయిట్ చేతిలో ఓడింది, 2024లో ఆ గడపే తొక్కలేదు.

నియమం మారిన రెండు చోట్లా రంగు గీత పెట్టండి. 1999-2000 నుంచి ఓవర్‌టైమ్ ఓటమికి పాయింటు ఇస్తున్నారు. 2005-06లో షూటౌట్ వచ్చి టైలు పోయాయి. ఈ రెంటి మధ్య సీజన్లలో టైలు, ఓవర్‌టైమ్ ఓటములు అన్న రెండు గళ్లూ నిండుతాయి. అక్కడే చాలామంది ఒక అంకె పడేస్తారు. వరసలోని గెలుపులు, ఓటములు, టైలు, ఓవర్‌టైమ్ ఓటములు కూడితే ఆడిన మ్యాచ్‌ల సంఖ్య రావాలి. రాకపోతే ఆ వరస మళ్లీ చూడండి.

సీజన్ నిడివీ ఒకేలా ఉండదు. ఇక్కడ చెప్పుకున్న 1980-81లో 80, 1992-93లో 84, 1995-96లో, 2023-24లో 82. యజమానులు లాకౌట్ చేయడంతో 1994-95, 2012-13 సీజన్లు 48 మ్యాచ్‌లకే కుదించుకుపోయాయి, 2004-05 అసలు జరగనే లేదు. కరోనా వల్ల 2020-21లో 56. అందుకే సీజన్లను పోల్చాలంటే పాయింట్లను మ్యాచ్‌ల సంఖ్యకు రెట్టింపుతో భాగించండి. 78ని 164తో భాగిస్తే 0.476. 2004-05 వరస ఖాళీగానే ఉంచాలి, సున్నాలు వేయకూడదు. సున్నా అంటే ఆడి ఏమీ సాధించలేదని అర్థం.

ఇక కారణాల గళ్లు. విన్నిపెగ్ వదిలిన రోజుల్లో జట్టు జీతాలు అమెరికా డాలర్లలో, టికెట్ల రాబడి పడిపోయిన కెనడా డాలర్లలో. పైగా పాతబడిన అరీనా. ఫీనిక్స్‌లో మొదట దొరికింది బాస్కెట్‌బాల్ కోసం కట్టిన అరీనా. బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 94 అడుగులు, ఎన్‌హెచ్‌ఎల్ రింక్ పొడవు 200. దాన్ని అందులో ఇరికించేసరికి కొన్ని సీట్ల నుంచి ఒక వైపు గోలు కనిపించేది కాదు. 2003 డిసెంబరులో ఫీనిక్స్ శివారు గ్లెండేల్‌కు మారారు. 2009లో దివాలా పిటిషన్ పడి, లీగే జట్టును కొని 2013 దాకా నడిపింది. గ్లెండేల్‌లో లీజు ముగిశాక 2022 నుంచి మరో శివారు టెంపేలో సుమారు 5,000 సీట్ల యూనివర్సిటీ అరీనాలో ఆడారు. 2023 మేలో కొత్త అరీనా ప్రతిపాదనను టెంపే ఓటర్లు తిరస్కరించారు. ఏడాది తిరక్కుండానే జట్టు అమ్ముడైంది. ఆటగాళ్ల పేర్లు ఎన్ని రాసినా ఈ కథ బయటపడదు. రింకుల వరస రాస్తే దానంతట అదే బయటపడుతుంది.

చివరగా తేదీలు. అమెరికా తూర్పు తీరంలో రాత్రి 7 గంటల మ్యాచ్ మనకు మరుసటి రోజు ఉదయం 5:30కి మొదలవుతుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్ల గడియారం గంట ముందుకు జరుగుతుంది కాబట్టి అప్పుడు 4:30కే. ఫోన్ చూపించే తేదీ మనది. పుస్తకంలో రాయాల్సింది మ్యాచ్ జరిగిన ఊరి తేదీ. కయోటీస్ ఆఖరి మ్యాచ్ ఎడ్మంటన్ మీద 2024 ఏప్రిల్ 17 రాత్రి జరిగింది, మనకు అప్పటికే 18 ఉదయం. పట్టికలో 17 అనే ఉండాలి.