చదివిన వాక్యంతోనే ప్రార్థన చేయడం ఎలా?

మోకాళ్లూనగానే చాలామందికి నోటికొచ్చే మాటలు ఒకటే. "పరిశుద్ధుడవైన తండ్రీ, ప్రేమగల దేవా, ఈ ఉదయకాలమున..." అని మొదలై, పిల్లల చదువులు, పెద్దల ఆరోగ్యం, ఉద్యోగాలు దాటుకుని ఆమేన్ దగ్గర ఆగుతుంది. ఐదు నిమిషాల క్రితం బైబిల్లో చదివిన అధ్యాయంలోని ఒక్క మాట కూడా అందులో వినపడదు. చదవడం ఒక పని, ప్రార్థన ఇంకో పని అయిపోయాయి. ఈ రెండూ కలవడానికి పావుగంట చాలు.

1. వేళ ఒకటి పెట్టుకోండి

యేసు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి వెళ్లి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉంది. కానీ నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాణ్ణి, చంటిబిడ్డ తల్లిని నాలుగింటికి లేవమనడం అన్యాయం. కుక్కర్ పెట్టకముందో, పిల్లలు బడికి వెళ్లాకో, ఏదైనా సరే, రోజూ అదే వేళ అయితే చాలు. ఫోన్లో బైబిల్ చదివేవాళ్లను మానమనను గానీ, వచనం సగంలో ఉండగా ఫ్యామిలీ గ్రూపులో గుడ్‌మార్నింగ్ వస్తే వేలు అటే పోతుంది. అచ్చు పుస్తకమే మేలు.

2. కొంచెమే చదవండి, వరుసగా చదవండి

పుస్తకం ఎక్కడ తెరుచుకుంటే అక్కడ చదివితే మనకు నచ్చిన నాలుగు చోట్లే తెరుచుకుంటుంది. ఏడాదిలో బైబిలంతా ముగించే పట్టిక మంచిదే. కాకపోతే 1189 అధ్యాయాలు ఏడాదిలో అయిపోవాలంటే రోజుకు మూడుకు పైనే చదవాలి, అందులో ఆగి ప్రార్థించే తీరిక దొరకదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది మార్కు సువార్త. మొత్తం 16 అధ్యాయాలే, రోజుకు ఒక్క సంఘటన తీసుకోవచ్చు. కీర్తనలు ఇష్టమైతే 119వ కీర్తన ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంది, 22 రోజులకు సరిపోతుంది. మీ సంఘంలో ఏ రోజుకు ఏ పాఠమో చెప్పే పట్టిక ఉంటే అదే వాడుకోండి. కతోలికులకైతే పూజలోని ఆ రోజు పఠనాలు ఉండనే ఉన్నాయి.

3. రెండుసార్లు, రెండోసారి పైకి

మన పాత అనువాదం గ్రాంథికంలో ఉంటుంది. కళ్లతో చదివితే తెలిసినట్టే ఉండి జారిపోతుంది. 23వ కీర్తనలోని "నాకు లేమి కలుగదు" అనే మాట చిన్నప్పటి నుంచి చెబుతున్నాం గానీ, లేమి అంటే ఏమిటని ఇంట్లో పిల్లలు అడిగితే ఒక్క క్షణం ఆగుతాం. పైకి చదివినప్పుడు అలాంటి చోట నాలుక ఆగుతుంది. అది ఆగిన మాట దగ్గరే మీరూ ఆగండి.

4. నాలుగు పోగులు పేనండి

అసలు పని ఇదే. ప్రార్థన ఎలా చేయాలని తన మంగలి అడిగితే, జర్మనీలో సంఘ సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ 1535లో అతనికి ఒక ఉత్తరంలా రాసిచ్చాడు. చదివిన మాటలోంచి నాలుగు తీయమన్నాడు: బోధ, కృతజ్ఞత, ఒప్పుకోలు, విన్నపం. మంగలి కత్తి మీద చూపు పెట్టకుండా కబుర్లలో పడితే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థన కూడా అంతేనని ఆ వృత్తి భాషలోనే చెప్పాడు.

మార్కు 10:46-52 తీసుకుని చూద్దాం. యెరికో దారి పక్కన బర్తిమయి అనే గుడ్డి భిక్షకుడు కేకలు వేస్తున్నాడు. జనం ఊరుకోమని గద్దిస్తున్నారు. యేసు నిలిచి, అతన్ని పిలిపించి, "నేను నీకేమి చేయగోరుచున్నావు" అని అడిగాడు.

బోధ: అతనికి కళ్లు లేవని చూసినవాళ్లందరికీ తెలుసు. అయినా యేసు అడిగాడు, అతని నోటితోనే చెప్పనిచ్చాడు.

కృతజ్ఞత: "ప్రభువా, అందరూ నోరు మూసుకోమన్నవాడి కోసం నువ్వు ఆగావు. నీకు స్తోత్రం."

ఒప్పుకోలు: ఇక్కడ చాలామంది బర్తిమయి వైపు నిలబడతారు. నేనైతే గద్దించిన జనంలో వెతుక్కోమంటాను. "నిన్న పనమ్మాయి ఏదో చెప్పబోతే తర్వాత చూద్దాంలే అని సగంలోనే ఆపేశాను. క్షమించు."

విన్నపం: "అందరినీ దీవించు" అని కాదు. బర్తిమయి అడిగింది చూపు ఒక్కటే. మీరూ ఒక్కటే అడగండి: "ఈరోజు పదకొండింటికి డాక్టర్ రిపోర్టు చూసి చెబుతాడు. కంగారుపడకుండా వినే ధైర్యం ఇవ్వు."

రోజూ నాలుగూ కుదరాలని లేదు. ఒప్పుకోలు దగ్గరే మనసు కరిగితే మిగతావి వదిలేసి అక్కడే ఉండండి. లూథర్ కూడా అదే చెప్పాడు.

5. కాసేపు ఊరుకోండి

రెండు నిమిషాలు. వీధిలో కూరగాయల బండి కేక వినిపిస్తుంది, పర్వాలేదు.

6. మాట రాని రోజు

ఇంట్లో చావు జరిగినప్పుడు, అప్పులవాళ్లు గుమ్మం ముందు కూర్చున్నప్పుడు స్తోత్రం నోట రాదు. అలాంటప్పుడు 13వ కీర్తన తెరిచి, "యెహోవా, ఎన్నాళ్లవరకు" అని చదివి ఊరుకోండి. 88వ కీర్తనైతే చివరిదాకా తేరుకోదు, చీకటి అనే మాటతోనే ముగుస్తుంది. నవ్వు ముఖం పెట్టుకుని రావాలని బైబిలే అడగడం లేదు.

7. చిన్న నోటుపుస్తకం

తేదీ, వచనం, మీరు అడిగింది ఒక్క వరుసలో. మూడు నెలల తర్వాత తిరగేస్తే, అడిగి మరచిపోయినవి ఎన్నో కనిపిస్తాయి. మధ్యలో నాలుగు రోజులు తప్పిపోతే ఆ నాలుగు భాగాలూ ఒకేసారి చదివి బాకీ తీర్చాలనుకోకండి. సగంమంది మానేసేది ఆ బాకీ టెన్షన్‌తోనే అనిపిస్తుంది. ఆపిన చోటి నుంచే మొదలుపెట్టండి. రాత్రి పడుకునే ముందు రేపటి భాగం దగ్గర రిబ్బన్ పెట్టి ఉంచితే, పొద్దున్నే ఎక్కడ చదవాలా అని వెతుక్కునే పని ఉండదు.