కోడి చెవి ఎంతకీ మానకపోతే: ముందు గడ్డ తియ్యాలి, తర్వాతే మందు

కోడి చెవి పైకి కనబడదు. కంటికి కాస్త వెనక, తమ్మెకు పైన, సన్నటి ఈకల కింద చిన్న రంధ్రం ఉంటుంది. ఆ ఈకలను ఉఫ్‌మని ఊదితే బయటపడుతుంది. ముందు బాగున్న వైపు చూసి, తర్వాత జబ్బు వైపు చూడండి. వాపు, వాసన, నురగ, పసుపుపచ్చటి గడ్డ ఏదున్నా తేడా వెంటనే తెలిసిపోతుంది.

వారం రోజులు చుక్కలు వేసినా తగ్గకపోతే అందరూ మందు మారుస్తారు. చాలాసార్లు తప్పు మందుది కాదు. మనిషి చీములా కోడి చీము కారదు. దాన్ని కరిగించే ఎంజైములు కోడి తెల్లరక్తకణాల్లో కొరవడడంతో పనీరులా గట్టిపడి రంధ్రానికి బిరడా వేస్తుంది. వేసిన చుక్క ఆ బిరడా మీంచి జారిపోతుంది, లోపల క్రిములు హాయిగా ఉంటాయి.

మెడ వంకరపోయిందని చెవే అనుకోకండి. కొక్కెర తెగులులోనూ, విటమిన్ ఇ లోపంలోనూ మెడ తిరుగుతుంది. పచ్చటి పారుడు, గురక ఉన్నా, ఒకేసారి రెండు మూడు కోళ్లు డీలాపడ్డా చెవి జోలికి పోకుండా డాక్టరుకు చెప్పండి.

మెడికల్ షాపులో 0.9 శాతం సెలైన్ సీసా, సూది తీసేసిన 5 మి.లీ. సిరంజి, గాజ్ గుడ్డ (గాయాలకు వాడే పలచటి గుడ్డ), మొద్దు కొనల పట్టకారు, గ్లవుజులు కొనండి. సెలైన్ దొరక్కపోతే అర లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో ఒక చెంచా (5 గ్రాముల) ఉప్పు చాలు.

కోడిని తువ్వాలులో చుట్టి ఒడిలో నిటారుగా కూర్చోబెట్టుకోండి. రొమ్ము ఎముక మీద ఒత్తిడి పడకూడదు. కోడికి మనలా ఉదరవితానం (ఊపిరికి తోడ్పడే డయాఫ్రం కండరం) ఉండదు, రొమ్ము కదిలితేనే ఊపిరి. వెల్లకిలా అసలే పడుకోబెట్టొద్దు. సెలైన్ గోరువెచ్చగా ఉండాలి. చల్లటిది పోస్తే తల తిరిగి తూలుతుంది. సెలైన్‌తో తడిపిన గాజ్ గుడ్డను చెవి మీద పది నిమిషాలు ఆనించి, తర్వాత రంధ్రం అంచున 1-2 మి.లీ. నెమ్మదిగా వదలండి. గడ్డ అంచు లేస్తే పట్టకారుతో ఊడొచ్చినంతే తియ్యండి. ఊడకపోతే ఆపేసి, రోజుకు రెండుసార్లు నానబెడుతూ రెండు మూడు రోజులు ఓపిక పట్టండి. గడ్డ తరచు రంధ్రం కన్నా పెద్దదే ఉంటుంది. బలవంతంగా లాగితే రక్తం వస్తుంది, కర్ణభేరి కూడా పోవచ్చు. ఇయర్‌బడ్ గుచ్చితే గడ్డ ఇంకా లోపలికి పోతుంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్ పదేపదే పోస్తే లేత చర్మం మాడుతుంది. మనుషుల గులిమి చుక్కల్లో టర్పెంటైన్ నూనె ఉండొచ్చు, కుక్కల చెవి మందుల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు, రెండూ వద్దు. కర్ణభేరి చిరిగిన చెవిలో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ చుక్కలు వినికిడిని దెబ్బతీయొచ్చు.

గడ్డ తీశాక మళ్లీ నిండుతుంటే చుక్కలతో తేలే పని కాదు. హైదరాబాదులో అయితే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకో, నారాయణగూడ పశువైద్యశాలకో తీసుకెళ్లి చీము నమూనాకు కల్చర్, సెన్సిటివిటీ పరీక్ష (ఏ క్రిమి ఉంది, ఏ మందుకు లొంగుతుంది అని చూసేది) అడగండి. సూడోమొనాస్ లాంటి క్రిమి చాలా మందులకు లొంగదు. శ్వాసను పట్టే మైకోప్లాస్మా క్రిమి ఉంటే శ్వాసకూ కలిపి వైద్యం కావాలి. నమూనా కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఇవ్వాలి. మోతాదు బరువును బట్టి కడతారు కాబట్టి కోడిని తూకం వేసుకుని వెళ్లండి. మూడో రోజుకే కోలుకున్నట్టు కనబడితే మందు ఆపేయడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. డాక్టరు చెప్పిన గడువు దాకా ఆ గుడ్లు తినకూడదు.

రాత్రి టార్చి పట్టుకుని చెవి చుట్టూ, ముడ్డి దగ్గర, గూటి కర్రల సందుల్లో గోమార్లు చూడండి. అవి ఉంటే కోడి గోక్కుంటూనే ఉంటుంది, పుండు మళ్లీ రేగుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా డాబా మీది గూట్లో ఊక తడిసి వాసనేస్తుంది. తడిసినరోజే మార్చాలి.

మానేదాకా కోడిని వేరే గంపలో ఉంచండి, మిగతావి పుండును పొడుస్తాయి. జబ్బు లోపలి చెవి దాకా పాకితే తల వంపు తగ్గడానికి వారాలు పట్టొచ్చు, పూర్తిగా పోకపోవచ్చు కూడా. అలాంటి కోడి నేల మీది గింజను గురి చూసి పొడవలేదు. లోతైన గిన్నెలో తడి దాణా పెట్టి, రోజూ ఒకే వేళకు తూకం వెయ్యండి.