కొండ ఎక్కడం నేర్చుకుందాం – ఆరో పాఠం: అక్టోబరుకు ఏ కొండ?

ఇంతవరకు ముడులు, బిలే (ఎక్కేవారి తాడును కింద నుంచి పట్టి కాపాడటం), బోల్టుకు క్విక్‌డ్రా (తాడు పట్టే కొక్కేల జత) తగిలించడం, భయం లేకుండా పడటం నేర్చుకున్నాం. ఈ పాఠానికి తాడు అక్కర్లేదు. ఒక యూరప్ పటం, ఒక క్యాలెండరు, మీ గురించి మీకు నిజం చెప్పే ఒక నోటుపుస్తకం చాలు. శరదృతువులో పది పన్నెండు రోజుల స్పోర్ట్ క్లైంబింగ్ (రాతిలో ముందే బిగించిన బోల్టులకు తాడు తగిలిస్తూ ఎక్కడం) యాత్రకు చోటు ఎంచుకోవడం ఈ వారం పని.

చాలామంది పేరు చూసి చోటు ఎంచుకుంటారు. వీడియోలో ఒక మహారథి ఎక్కిన గోడ కనిపిస్తుంది, టికెట్టు కొంటారు. ఆ గోడ కింద నిలబడి పైకి చూడటంతోనే సెలవులు గడిచిపోతాయి. నేను నమ్మే కొలత ఒకటే: ఆ కొండ దగ్గర మీ స్థాయి రూట్లు (గోడ మీద ఎక్కే దారులు), రోజుకు ఆరేడు, వారం రోజులపాటు మళ్లీ మళ్లీ అవే ఎక్కనక్కర లేకుండా దొరుకుతాయా? దొరికితే అది మంచి కొండ. దొరకకపోతే ఎంత గొప్ప కొండ అయినా ఈ ఏడాదికి మీది కాదు.

అందుకని ముందు మీ స్థాయి రాసుకోండి. ముందెన్నడూ చూడని రూట్‌ను మొదటి ప్రయత్నంలోనే, పడకుండా, తాడు మీద వేలాడకుండా ఎక్కగల గ్రేడే (రూట్ ఎంత కష్టమో చెప్పే గుర్తు) మీ గ్రేడు. పది రోజులు కష్టపడి సాధించిన ఒక్క రూట్‌ను లెక్కలోకి తీసుకోకండి. యూరప్‌లో ఎక్కువచోట్ల ఫ్రెంచి గ్రేడ్లే వాడతారు: 5సి, 6ఏ, 6ఏ ప్లస్, 6బి, అలా పైకి. భువనగిరి గ్రానైట్ మీద బూటు అడుగు రాపిడిని నమ్మి ఎక్కడం నేర్చుకున్నవారు ఇంకో మెట్టు తగ్గించుకోవాలి. మధ్యధరా తీరపు సున్నపురాయి గోడలు నిటారుగా ఉంటాయి, లేదా మన మీదికి వంగి ఉంటాయి. పట్లు రంధ్రాల రూపంలో, నీరు కారి కారి పేరుకున్న టూఫా స్తంభాల రూపంలో వస్తాయి. అలవాటయ్యేసరికి రెండు మూడు రోజులు పడుతుంది.

ఈ పాఠానికి 6ఏ ఎక్కే ఇద్దరిని ఉదాహరణగా తీసుకుందాం.

ఫ్రాన్స్‌లో గాప్ పట్టణం దగ్గరి సెయూజ్ వాళ్లను ఊరిస్తుంది. 2001లో అమెరికన్ క్లైంబర్ క్రిస్ శర్మ 9ఏ ప్లస్ స్థాయి రూట్‌ను అక్కడే పూర్తి చేశాడు. ప్రపంచంలోని అందమైన గోడల్లో అది ఒకటి, సందేహం లేదు. కానీ కింది నుంచి గోడ చేరడానికే దాదాపు గంట ఎగువ నడక. బోల్టుల మధ్య దూరం ఎక్కువ. 6ల్లో రూట్లు లేకపోలేదు గాని, ఆ కొండ 7ఏ దాటినవారికే మనసు విప్పుతుంది. ఎత్తు కూడా ఎక్కువ కాబట్టి అక్టోబరు నడిచేకొద్దీ చలి ముదురుతుంది. మన ఇద్దరూ దీన్ని జాబితాలోంచి కొట్టేయాలి.

స్పెయిన్‌లో కటలోనియాలోని సియురానా సంగతి వేరు. అక్టోబరు, నవంబరు అక్కడ మంచి నెలలు, గోడలు అన్ని దిక్కులకూ ఉన్నాయి. అయితే రూట్లు సన్నని అంచుల మీద, వేలికొనల బలంతో, పాదాల నేర్పుతో సాగుతాయి. గ్రేడ్లు కఠినంగా ఇస్తారని పేరు. బస్సులు అరుదు కాబట్టి కారు లేకుండా ఇబ్బంది. కారు నడపగలిగి, చలి రాత్రులకు సిద్ధమైతే పెట్టుకోవచ్చు. ఇటలీలో గార్డా సరస్సుకు ఉత్తరాన ఉన్న ఆర్కో కూడా శరదృతువుకు బాగుంటుంది, సులువైన రూట్లు బోలెడు. వేల చేతులు తగిలి రాయి నునుపెక్కిందన్నదే దాని లోటు.

మన ఇద్దరికీ నేను చెప్పేది గ్రీసులోని కాలిమ్నోస్ ద్వీపం. ఒకప్పుడు సముద్రపు స్పంజి తీసే ఈతగాళ్ల ఊరు. 1990ల మధ్యలో ఆంద్రియా ది బారి అనే ఇటాలియన్ క్లైంబర్ సెలవులకు వచ్చి ఈ గోడలు గమనించాక దాని రాత మారింది. ఇప్పుడు వేల రూట్లున్నాయి, 5ల్లోనూ 6ల్లోనూ పుష్కలం. మసూరి, ఆర్మెయోస్ అనే ఊళ్ల వైపు బస చేస్తే చాలా గోడలకు నడిచే వెళ్లవచ్చు. కోస్ ద్వీపానికి విమానంలో వెళ్లి, మస్తిఖారి రేవు నుంచి పడవ ఎక్కితే గంటలోపే కాలిమ్నోస్ రేవు పోథియాలో దిగుతారు. ఎదురుగా తెలెందోస్ అనే చిన్న ద్వీపం. అక్కడి గోడలకు మిర్తియెస్ నుంచి పడవలో వెళ్లడమే ఒక పండుగ.

అక్టోబరులో కాలిమ్నోస్ చల్లగా ఉంటుందనుకోకండి. అసలు పాఠం ఇక్కడే ఉంది. మనం ఇల్లు చూసేటప్పుడు తూర్పు ముఖమా, దక్షిణ ముఖమా అని అడిగినట్టే కొండనూ అడగాలి. అక్టోబరు మధ్యలో మధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు సుమారు 64 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. కాలిమ్నోస్‌లో 45 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. సూర్యుడు కిందికి దిగినకొద్దీ నిటారు గోడకు కిరణాలు మరింత సూటిగా తగులుతాయి. కాబట్టి గాలి హాయిగా ఉన్న రోజున కూడా దక్షిణ ముఖం గోడ కాలుతుంది, వేళ్లు చెమర్చి పట్టు జారుతుంది. పడమటి ముఖం గోడకు మధ్యాహ్నం దాకా నీడ ఉంటుంది, తూర్పు ముఖానికి మధ్యాహ్నం తర్వాత. ఉదయం పడమటి గోడ, ఎండ రాగానే భోజనం, ఈత, విశ్రాంతి, సాయంత్రం నీడపట్టున ఇంకో రెండు రూట్లు: ఇదే అక్కడి దినచర్య. గైడుపుస్తకంలో ప్రతి సెక్టారుకు, అంటే ఒక్కో గోడ భాగానికి, ఎండ వేళలు ఇస్తారు. గ్రేడు కన్నా ముందు అవి చదవండి. కొత్తగా వచ్చినవారు అలసిపోయేది రూట్ల వల్ల అనుకుంటారు, చాలాసార్లు అది ఎండ వల్లే.

పగటి నిడివి కూడా లెక్కలోకి రావాలి. అక్టోబరు చివరి ఆదివారం యూరప్ గడియారాలు గంట వెనక్కి తిరుగుతాయి. ఆ తర్వాత కాలిమ్నోస్‌లో ఐదున్నరకే పొద్దుగూకుతుంది. తలకు కట్టుకునే దీపం సంచీలో ఉండాల్సిందే. నెలాఖరుకు కోస్‌కు నేరుగా వెళ్లే సెలవుల కాలపు విమానాలు ఆగిపోతాయి, అప్పుడు ఏథెన్స్ మీదుగా వెళ్లాలి. నవంబరు నడిచేకొద్దీ వానలు పెరుగుతాయి. బాగా వంగిన గోడలు వానలోనూ పొడిగానే ఉంటాయి, కానీ కొన్ని రోజుల తర్వాత రాతి లోపలి నీరు టూఫాల వెంట కారడం మొదలవుతుంది. నవంబరు రెండో సగంలో వెళ్లాలనుకునేవారు గ్రీసు దక్షిణాన పెలొపొనీస్ ద్వీపకల్పంలోని లెయొనీదియో చూడండి. ఆ ఎర్రని గోడలు శీతాకాలంలోనూ ఎక్కడానికి అనువు.

తాడు 70 మీటర్లది తీసుకెళ్లండి, చివర ముడి మరవకండి. సముద్రం పక్కన ఉప్పుగాలికి బోల్టులు లోలోపలే పాడవుతాయి. కాబట్టి బోల్టులు మార్చవలసిన రూట్ల గురించి అక్కడి క్లైంబింగ్ దుకాణంలో అడిగాకే ఎక్కండి.

ఇండియా నుంచి వెళ్లేవారికి షెంగెన్ వీసా కావాలి. ఎక్కువ రోజులు గడిపే దేశానికే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, అంటే అక్టోబరు యాత్రకు ఏప్రిల్‌లోనే మొదలుపెట్టవచ్చు. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అయితే మామూలు ప్రయాణ బీమాలో క్లైంబింగ్ ప్రమాదాలు చేరకపోవచ్చు. పాలసీ పత్రంలో ఆ మాట కళ్లతో చూసి మరీ కొనండి. జర్మనీలో నివాస అనుమతితో చదువుకుంటున్న మన పిల్లలకు ఈ వీసా తిప్పలు లేవు, ప్రతి 180 రోజుల్లో 90 రోజుల వరకు గ్రీసుకైనా స్పెయిన్‌కైనా వెళ్లి రావచ్చు. న్యూరెంబర్గ్ దగ్గర ఉండేవారికి ఫ్రాంకెన్‌యూరా గోడలు పక్కనే. సెప్టెంబరు వారాంతాల్లో అక్కడ సాధన చేసుకోండి. అడవిలోని గోడలు కాబట్టి అక్టోబరు వానలకు తడిస్తే త్వరగా ఆరవు.

ఈ వారం అభ్యాసం. మీకు నచ్చిన ఒక చోటు తీసుకుని, వరుసగా మూడు రోజుల పట్టిక రాయండి. ప్రతి రోజుకు గోడ పేరు, అది ఏ ముఖం, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా నీడ, మీ గ్రేడులోనూ అంతకు ఒకటి రెండు మెట్లు కిందా కలిపి ఆరు రూట్లు. చివరి గడిలో వాన రోజు ఎక్కడికి వెళ్తారో రాయండి. రూట్ల గడి నింపలేక ఆగిపోతే ఆ చోటు పక్కన పెట్టి, ఇంకో కొండతో పట్టిక మళ్లీ మొదలుపెట్టండి. వచ్చే పాఠంలో సున్నపురాతి మీద పాదాలు ఎలా పెట్టాలో చూస్తాం, ఆ పట్టిక దగ్గర ఉంచుకోండి.