యాంటీబయాటిక్ తిన్నాక వేసుకోవాలా, తినకముందా? వేళలు కుదుర్చుకోవడం ఎలా?

యాంటీబయాటిక్ ఏదైనా తిన్నాకే వేసుకోవాలని చాలామంది నమ్మకం. కొన్నిటికి అది సరే. కొన్నిటిని మాత్రం కడుపు నిండా తిని వేసుకుంటే మందు రక్తంలోకి చేరాల్సినంత చేరదు. జబ్బు తగ్గక, మందు మంచిది కాదేమో అనుకుంటారు. కోర్సు మొదటి డోసుకి ముందే ఐదు నిమిషాలు పెట్టి వేళలు తేల్చుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

1. స్ట్రిప్పు మీద అసలు మందు పేరు చదవండి

పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. మీకు కావలసింది దాని దగ్గరే చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు. మందుల చీటీలో ఎప్పుడు వేసుకోవాలో రాసి ఉంటే అదే పాటించండి. రాసి లేకపోతే మందుల షాపులో ఫార్మసిస్టును "భోజనానికి ముందా, తర్వాతా? పాలతో ఇబ్బందా?" అని రెండు ప్రశ్నలూ అడగండి.

2. అది ఏ రకమో తేల్చుకోండి

తిండితో వేసుకోవలసినవి: అమాక్సిసిలిన్, క్లావులానేట్ కలిసిన మాత్రను భోజనం మొదలుపెడుతూ వేసుకోవాలి. కడుపులో తిప్పడం తగ్గుతుంది, క్లావులానేట్ కూడా బాగా ఒంటబడుతుంది. నూనె, కొవ్వు ఎక్కువున్న భోజనం మొదలెట్టిన అరగంటకో ఆ తర్వాతో వేసుకుంటే అది తక్కువగా ఒంటబడుతుంది. కాబట్టి మొదటి ముద్దలతోనే మింగడం మేలు. సెఫురాక్సిమ్ మాత్ర ఖాళీ కడుపుతో సుమారు 37 శాతం రక్తంలోకి చేరితే, భోజనం తర్వాత 52 శాతం దాకా చేరుతుంది. సెఫ్‌పోడాక్సిమ్ మాత్రలకీ, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే నైట్రోఫ్యురాంటాయిన్‌కీ తిండి అవసరమే. మెట్రోనిడజోల్ తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది.

ఖాళీ కడుపుతో వేసుకోవలసినవి: ఆంపిసిలిన్, క్లాక్సాసిలిన్, టెట్రాసైక్లిన్, క్షయకు వాడే రిఫాంపిసిన్. అజిత్రోమైసిన్ క్యాప్సూల్ కూడా ఇందులోదే, కానీ అదే మందు మాత్ర రూపంలో ఉంటే తిన్నా తినకపోయినా ఫర్వాలేదు.

ఎలాగైనా సరే అనేవి: అమాక్సిసిలిన్ ఒక్కటే ఉన్నది, సెఫాలెక్సిన్, సెఫిక్సిమ్. వీటితో కడుపు ఇబ్బంది పెడితే తిండితో వేసుకోండి.

3. ఖాళీ కడుపంటే ఎంతసేపో గడియారం చూసి లెక్కపెట్టండి

తినడానికి కనీసం 1 గంట ముందు, లేదా తిన్న 2 గంటల తర్వాత. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పాలు కలిపిన టీ, రెండు బిస్కెట్లు కూడా తిండి కిందే లెక్క. మంచినీళ్లు ఎన్నైనా తాగొచ్చు.

రోజుకు 4 సార్లు వేసుకోవలసిన మందు అనుకుందాం. మీరు ఉదయం 8కి, మధ్యాహ్నం 1:30కి, రాత్రి 8:30కి తింటారు. అప్పుడు ఉదయం 6:30, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి 11 సరిపోతాయి. సాయంత్రం చిరుతిండి 4 లోపు ముగించాలి. ఈ నాలుగు వేళలకీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి, జ్ఞాపకం మీద ఆధారపడొద్దు.

4. కాల్షియం, ఐరన్, ఆంటాసిడ్‌లను దూరంగా జరపండి

నిజానికి భోజనం కంటే ఎక్కువ నష్టం చేసేవి ఇవే. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్, టెట్రాసైక్లిన్ వంటివి కాల్షియం, ఐరన్, జింక్‌తోనూ, కడుపు మంటకు తాగే ఆంటాసిడ్‌లలో ఉండే మెగ్నీషియం, అల్యూమినియంలతోనూ కడుపులోనే అతుక్కుపోతాయి. అలా అతుక్కున్న మందు రక్తంలోకి చేరకుండా మలంతో బయటికి పోతుంది. అంటే మీరు మందు మింగినా వేసుకోనట్టే.

సిప్రోఫ్లాక్సాసిన్‌ను వీటికి కనీసం 2 గంటల ముందు, లేదా 6 గంటల తర్వాత వేసుకోవాలి. అది ఉదయం 8కి, రాత్రి 8కి ఉంటే, కాల్షియం మాత్రకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 వరకే చోటు. లెవోఫ్లాక్సాసిన్‌కు అటూ ఇటూ 2 గంటలు చాలు. చిన్న కోర్సయితే, డాక్టరును అడిగి ఆ కొద్ది రోజులు కాల్షియం, ఐరన్ మాత్రలు ఆపడమే తేలిక.

పాల సంగతి కాస్త వేరు. సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఒట్టి పాలతోనో, పెరుగుతోనో, కాల్షియం కలిపిన పళ్లరసంతోనో మింగకూడదు. భోజనంలో భాగంగా కొంచెం పాలో పెరుగో ఉంటే ఫర్వాలేదు. టెట్రాసైక్లిన్‌తో మాత్రం పాలు అసలు కుదరవు.

ఇంకో చిక్కుంది. మాత్ర వల్ల కడుపు మండితే వెంటనే ఆంటాసిడ్ తాగుతారు, దాంతో పైన చెప్పిన మందులు దెబ్బతింటాయి. పోనీ అని కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ లాంటిది వేసుకుంటే సెఫురాక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్‌లు సరిగా ఒంటబట్టవు, వాటికి కడుపులో ఆమ్లం కావాలి. అడగకుండా దేన్నీ కలపకండి.

5. నిండు గ్లాసు నీళ్లతో, నిటారుగా ఉండి మింగండి

కనీసం 200 మి.లీ. నీళ్లు తాగి, అరగంట పడుకోకండి. డాక్సీసైక్లిన్‌కు ఇది చాలా ముఖ్యం. రెండు గుక్కలతో మింగి నిద్రపోతే మాత్ర అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. ఛాతీలో మంట, మింగితే నొప్పి వస్తాయి. ఈ మందును తిండితో వేసుకోవచ్చు, పాలతో మాత్రం వద్దు.

6. మందును బట్టి మానాల్సినవి

మెట్రోనిడజోల్, టినిడజోల్ వాడుతున్నన్నాళ్లూ, ఆపాక మరో 3 రోజులూ మద్యం ముట్టొద్దు. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌లూ అంతే. లినెజోలిడ్ వాడేవాళ్లు బాగా మాగిన చీజ్, ఊరబెట్టిన మాంసం, పులియబెట్టిన సోయా తింటే రక్తపోటు ఎగబాకవచ్చు.

7. వాంతి, విరేచనాలు అయితే

మాత్ర మింగిన అరగంట లోపే వాంతయి అందులో మాత్ర కనిపిస్తే, మళ్లీ వేసుకోవాలో లేదో డాక్టరునో ఫార్మసిస్టునో అడగండి. డోసు మరిచిపోతే తర్వాతి సారి రెండూ కలిపి వేసుకోవద్దు. వికారానికి భయపడి కోర్సు మధ్యలో మీ అంతట మీరే ఆపకండి. వేళ మార్చడమో మందు మార్చడమో డాక్టరు చూస్తారు.

కాస్త పలచగా విరేచనం అవడం మామూలే, నీళ్లు ఎక్కువగా తాగండి. రక్తం పడినా, నీళ్లలా పదేపదే అయినా, జ్వరంతో కడుపునొప్పి వచ్చినా విరేచనాలు ఆపే మాత్ర వేసుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కోర్సు అయిపోయిన కొన్ని వారాలకు కూడా ఇలా రావచ్చు, అప్పుడు ఏ యాంటీబయాటిక్ వాడారో తప్పక చెప్పండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా అది తిండి వల్ల వచ్చిన తేడా కాదు, అలర్జీ. ఇంకో డోసు వేసుకోకుండా తక్షణం అత్యవసర చికిత్సకు వెళ్లాలి.