గ్రూపు పని నడవట్లేదా? పిల్లల్ని తిట్టే ముందు చూడాల్సినవి

నలుగురేసి చొప్పున కూర్చోబెట్టడం, చార్టులూ స్కెచ్ పెన్నులూ పంచడం, టైము పెట్టి గంట కొట్టించడం మీకు తెలిసిన పనులే అనుకుని రాస్తున్నాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో గ్రూపు పని చెడిపోయిన ప్రతిసారీ స్టాఫ్‌రూములో వినపడే మాట ఒకటుంది: "ఈ బ్యాచే అంత మాస్టారూ, కలిసి చెయ్యరు." బ్యాచ్ దాకా పోనక్కర్లేదు. తప్పు చాలావరకు మనమిచ్చిన పనిలోనో, మనం చేసిన ఏర్పాటులోనో దొరుకుతుంది.

ఏ లక్షణం కనపడినా ముందుగా చూడాల్సింది

తరగతిలో బాగా చదివే పిల్ల ఒక్కతే ఇంట్లో కూర్చుని ఒక సాయంత్రంలో ఈ పని పూర్తి చేసెయ్యగలదా? చెయ్యగలిగితే అది గ్రూపు పని కాదు. అంతే. ఈ ఒక్క ప్రశ్న వేసుకోకుండా సీట్లు మారుస్తారు, గ్రూపులు మారుస్తారు, చివరికి పీఈటీ సారుని పిలుస్తారు.

"నీటి కాలుష్యానికి కారణాలు, నివారణ చర్యలు చార్టు మీద రాయండి" అన్నది ఒక్కరి పని. దాన్ని ఐదుగురి మధ్య పెడితే ఒకరు రాస్తారు, ఒకరు స్కేలు పట్టుకుంటారు, ముగ్గురు చూస్తారు. ఆ ముగ్గురిది బద్ధకం కాదు, వాళ్లకి చెయ్యడానికి ఏమీ లేదు.

ఆమ్లాలు, క్షారాల పాఠమే తీసుకోండి. పేర్లు రాయని మూడు సీసాలు పెట్టండి: పలచగా కలిపి వడకట్టిన నిమ్మరసం, ఉప్పునీళ్లు, సున్నపు తేట. గ్రూపులో ఇద్దరికి పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితాలు, ఇద్దరికి నీలి లిట్మస్ కాగితాలు ఇవ్వండి. ఎవరి కాగితం వాళ్లే ముంచాలి, పక్కవాళ్లకి ఇవ్వకూడదు, రుచి చూడకూడదు. పసుపు కాగితం సున్నపు తేటలో ఎర్రబడుతుంది గానీ నిమ్మరసానికీ ఉప్పునీళ్లకీ తేడా చెప్పలేదు. నీలి లిట్మస్ నిమ్మరసంలో ఎర్రబడుతుంది గానీ ఉప్పునీళ్లకీ సున్నపు తేటకీ తేడా చెప్పలేదు. రెండు జట్లూ మాట్లాడుకుంటే తప్ప మూడు సీసాలూ తేలవు. ఇక్కడ ఎవరినీ "కలిసి చెయ్యండమ్మా" అని బతిమాలే పని లేదు.

అదే పనిలో మందార రసం కూడా ఇచ్చారనుకోండి, అంతా పోయింది. ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ, ఉప్పునీళ్లలో పెద్ద మార్పుండదు. అదొక్కటే మూడింటినీ పట్టిచ్చేస్తుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే గ్రూపు, మిగతావాళ్లు ప్రేక్షకులు. వస్తువు ఎక్కువైనా గ్రూపు చెడుతుందని చాలామంది అనుకోరు.

లక్షణం: గోల

పక్క తరగతి మేడమ్ వచ్చి చూసిపోయేంత గోల అయితే ముందు తలలు లెక్కపెట్టండి. గ్రూపులో ఆరుగురో ఎనిమిది మందో ఉంటే కారణం అదే. బెంచీలు సరిపోవట్లేదనో, చార్టులు తక్కువనో పెద్ద గ్రూపులు చేస్తాం. పదిమందిలో పాము చావదని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్మాన్ అనే వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి, జట్టులో మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గుతోందని కొలిచి 1913లో అచ్చేశాడు. 1979లో అమెరికాలో బిబ్ లటానే అనే మనస్తత్వవేత్త బృందం చప్పట్లు కొట్టించి, అరిపించి చూసినా అదే తేలింది. నలుగురు చాలు, తప్పకపోతే ఐదుగురు. ముందు బెంచీలో ఇద్దరు వెనక్కి తిరిగితే వెనక బెంచీలో ఇద్దరితో గ్రూపు అయిపోతుంది, బల్లలు జరిపే పని కూడా లేదు.

నలుగురే ఉండి కూడా గోలగా ఉంటే, చెయ్యాల్సిన పని బోర్డు మీద రాసి ఉందో లేదో చూడండి. నోటితో చెప్పిన సూచన సగం మందికి అందదు. ఆ సగం మంది పక్కవాళ్లని అడుగుతుంటారు, మనం దాన్ని అల్లరంటాం. పని గురించే మాట్లాడుకుంటున్నారా, వదిలెయ్యండి. గ్రూపు పని నిశ్శబ్దంగా జరగాలంటే ఎలా?

లక్షణం: ముక్కలు ముక్కలుగా పంచుకుని అతికించేస్తున్నారు

"ఒకటో ప్రశ్న నువ్వు, రెండోది నేను" అని పంచుకుని చివర్లో పిన్ను కొట్టి ఇచ్చేస్తారు. మూడో ప్రశ్న రాసినవాడికి ఒకటో ప్రశ్నేమిటో తెలియదు. పంచుకోవడం తప్పు కాదు, పంచుకున్నది ఒకరికొకరు చెప్పుకోకపోవడమే తప్పు. ఎవరు ఏది రాశారో వాళ్లని అది అడగకండి. పక్కవాళ్లు రాసింది అడుగుతానని ముందే చెప్పండి, నిజంగానే అడగండి. రెండుసార్లు అడిగితే మూడోసారికి వాళ్లే ఒకరి కాగితం ఒకరు చదువుతారు.

లక్షణం: ప్రాజెక్టు మరీ బాగుంది

థర్మాకోల్ మీద రంగులు మెరుస్తుంటే అది స్టేషనరీ షాపుదో, అక్కయ్య చేసిందో. ప్రాజెక్టుని ఇంటికి పంపకండి. సమాచారం మాత్రమే ఇంటి నుంచి తెమ్మనండి, తయారీ పీరియడ్‌లోనే. దీనికింతకన్నా చెప్పడానికేం లేదు.

లక్షణం: అంతా బాగుంది, కానీ లఘు పరీక్షలో ఒక్కరికే వచ్చు

దీని గురించి కాస్త ఓపిగ్గా చదవండి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. గ్రూపు బుద్ధిగా ఉంది. చార్టు టైముకి వచ్చింది, చేతిరాత చక్కగా ఉంది, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు వచ్చినా మెచ్చుకునే పోతారు. వారం తర్వాత అదే విషయం మీద లఘు పరీక్ష పెడితే నలుగురిలో ఒక్కరే రాస్తారు. ఒక్క పిల్లే ఇంట్లో చేసెయ్యగలదా అన్న మొదటి ప్రశ్నకి కూడా ఈ పని నిలబడింది, నిజంగా నలుగురి పనే. మరి ఎక్కడ పోయింది?

గ్రూపు లీడర్ దగ్గర.

మనమంతా చేసే పనే. మార్కుల రిజిస్టరు చూసి, మొదటి ర్యాంకుల వాళ్లని ఒక్కో గ్రూపుకి ఒకరిని లీడరుగా వేసి, మిగతావాళ్లని కింద సర్దుతాం. న్యాయంగానే కనిపిస్తుంది, పని కూడా అవుతుంది. కానీ పిల్లల మధ్య ఎవరు తెలివైనవాళ్లు, ఎవరు కాదు అన్న లెక్క మనకన్నా ముందే తేలిపోయి ఉంటుంది. జవాబు పత్రాలు మార్కుల వరసలో పంచే బడిలో అది తేలకుండా ఎలా ఉంటుంది? ఆ లెక్క మీద మనం లీడర్ అని ముద్ర కొడుతున్నాం. ఆ క్షణం నుంచి మిగతా ముగ్గురికీ ఆలోచించాల్సిన అవసరం తీరిపోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ కోహెన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఏళ్ల తరబడి తరగతి గదుల్లో పరిశీలించింది దీన్నే. గ్రూపులో ఎవరు ఎక్కువ మాట్లాడితే వాళ్లు ఎక్కువ నేర్చుకుంటారు, ఎవరు ఎక్కువ మాట్లాడతారన్నది వాళ్లకున్న హోదాని బట్టి ముందే తేలిపోతుంది.

దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. లీడరుకి పేరొస్తుంది, మిగతావాళ్లకి హాయి, మనకి చార్టు. కాబట్టి గ్రూపుల మధ్య తిరగడం మానేసి ఒకచోట నిలబడి ఐదు నిమిషాలు మూడే మూడు చూడండి. పెన్ను ఎవరి చేతిలో ఉంది, చేతులు మారుతోందా? చార్టు మీద అక్షరాలు ఎవరికి నిటారుగా కనపడుతున్నాయి? తలకిందులుగా కనపడేవాళ్లు చదవట్లేదు, చూస్తున్నారంతే. మూడోది వినాల్సింది. వెనకబడిన పిల్లాడని పేరున్నవాడు సరైన మాట అంటాడు, ఎవరూ తలెత్తరు. కాసేపటికి లీడరు అదే మాట అంటుంది, వెంటనే చార్టెక్కుతుంది. ఇది ఒకసారి మీ కంట పడిందంటే ఇక ప్రతి గ్రూపులోనూ కనపడుతుంది.

ర్యాంకు ఒక్కటే అనుకోకండి. ఇంగ్లీషు గడగడా చదవడం, నాన్న సర్పంచ్ కావడం, ఏ వాడ నుంచి వస్తారన్నది, అన్నీ పనిచేస్తాయి. ఊరి బడిలో పాఠం చెప్పినవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ ఒకే బడిలో చేర్చినప్పుడు తరగతుల్లో గొడవలు రేగాయి. ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త అక్కడ జిగ్‌సా పద్ధతి పెట్టింది ఇలాంటి చోటే. పాఠంలో ఒక్కో ముక్క ఒక్కొక్కరి దగ్గరే ఉంటుంది, ఎవరినైనా చిన్నచూపు చూస్తే నష్టం మనకే. పైన సీసాల పనిలో ఉన్న కిటుకూ అదే.

సరి చెయ్యడానికి మామూలుగా వాడే మందు జబ్బుని పెంచుతుంది: లీడర్ని పిలిచి "అందర్నీ కలుపుకుని చెయ్యమ్మా" అనడం. ఆ పిల్ల వెళ్లి ఒకరికి గీతలు కొట్టే పని, ఒకరికి రంగులేసే పని పురమాయిస్తుంది. ఇప్పుడు అందరూ పని చేస్తున్నట్టే కనపడతారు, ఆలోచన మాత్రం మళ్లీ ఒకరిదే.

ముందు లీడర్ అన్న మాటే తీసెయ్యండి. దాని బదులు పనులు పెట్టండి: రాసేవాళ్లు, సూచనలు చదివేవాళ్లు, సామాను చూసేవాళ్లు, "ఎందుకు?" అని అడిగేవాళ్లు. పీరియడ్ మారితే పని మారాలి. రాసేవాళ్లకి ఒక్కటే నియమం: సొంత మాట రాయకూడదు, ఇంకొకరు చెప్పిందే రాయాలి. ఈ చిన్న నియమం చేసే మేలు నేను చూసిన ఇంకే ఏర్పాటూ చెయ్యలేదు. మొదటి ర్యాంకు పిల్ల చేతిలో పెన్ను ఉన్న రోజే మిగతా ముగ్గురూ నోరు విప్పుతారు, విప్పకపోతే చార్టు ఖాళీగా ఉంటుంది కాబట్టి.

తర్వాత అందరికీ ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలివ్వండి. టైమయ్యాక ఏ అంకె పిలిస్తే వాళ్లు గ్రూపు తరఫున చెప్పాలి. అంకె మీరు అప్పటికప్పుడు అనుకోవాలి. వెనక బెంచీ వాడి అంకె కూడా వస్తుందని తెలిస్తే వాడికి నేర్పే బాధ్యత గ్రూపుదవుతుంది.

అన్నిటికన్నా కష్టమైనది చివరిది. ఆ హోదా లెక్కని మీరే నలుగురిలో చెరపాలి, నిజం చెప్పి. ఊరికే "వెరీ గుడ్" అంటే పిల్లలు ఇట్టే పసిగడతారు. సీసాల పనిలో ఎప్పుడూ మాట్లాడని అమ్మాయి "రెండు కాగితాలూ మారలేదు కదా, అయితే ఇది రెండూ కాదేమో" అందనుకోండి. అక్కడే ఆగి అందరికీ వినపడేలా చెప్పండి: "ఏదీ మారకపోవడం కూడా ఒక ఫలితమే. ఈ గ్రూపులో అది ముందు పట్టుకుంది ఈ అమ్మాయి." ఎవరు, ఏం చేశారు, దానివల్ల ఏం తేలింది, ఈ మూడూ ఉండాలి. అలాంటి సందర్భాలు రావాలంటే పనిలోనే రకరకాల తెలివికి చోటుండాలి. ఊరి చెరువు మీద ప్రాజెక్టు ఇచ్చి చూడండి. తూము ఎక్కడుందో, అలుగు ఏ ఏడు పారిందో, ఆయకట్టు ఎంతవరకో ఆ చెరువు కింద పొలమున్న ఇంటి పిల్లాడికే తెలుసు. మొదటి ర్యాంకు పిల్ల వాడినడిగి రాసుకుంటుంది.

మొదటి రెండు మూడు వారాలు చార్టులు అందంగా ఉండవు, అక్షర దోషాలుంటాయి. బాగా చదివే పిల్లలు ముఖం ముడుచుకుంటారు, వాళ్ల అమ్మానాన్నలు "మా అమ్మాయి మార్కులు తగ్గవు కదా సార్" అని వస్తారు. వాళ్ల భయంలో తప్పులేదు. గ్రూపంతటికీ ఒకే మార్కు వేస్తే చేసినవాళ్లకీ అన్యాయమే, చెయ్యనివాళ్లకీ అన్యాయమే. ఎఫ్‌ఏలో (నిర్మాణాత్మక మూల్యాంకనంలో) ప్రాజెక్టు పనికి వేసే మార్కుల్లో చార్టుకి కొంతే ఉంచి, మిగతావి ఒక్కొక్కరినీ విడిగా రెండు ప్రశ్నలడిగి వెయ్యండి. గ్రూపుకి బహుమతి ఇవ్వాలనుంటే అమెరికా విద్యా పరిశోధకుడు రాబర్ట్ స్లావిన్ పద్ధతి మంచిది: ఎవరికెన్ని మార్కులొచ్చాయని కాక, ఎవరు తమ పాత మార్కుల మీద ఎంత పెరిగారని చూసి అవి కలుపుతారు. అప్పుడు పది నుంచి పద్నాలుగుకి వచ్చినవాడు గ్రూపుకి బరువు కాదు, వాడి వల్లే గ్రూపు గెలుస్తుంది.

మిగతావి

"వాడితో కూర్చోను" అంటే ఒక పీరియడ్ కూర్చోబెట్టండి, పని గట్టిదైతే పది నిమిషాల్లో మర్చిపోతారు. అది కులం మాటో, ఒకరిని అందరూ కలిసి ఏడిపించడమో అయితే గ్రూపు పని పక్కన పెట్టి హెడ్మాస్టరు గారితో కలిసి అదే రోజు తేల్చాలి. ఆబ్సెంటీలు ఎక్కువైతే రోజుల తరబడి సాగే పనులు మాని ఒకే పీరియడ్‌లో అయిపోయేవి ఇవ్వండి. ఎన్ని చేసినా నోరు విప్పని పిల్లలు ఒకరిద్దరుంటారు. వాళ్లు మొండివాళ్లని తేల్చే ముందు చెవులు సరిగా వినపడుతున్నాయో, బోర్డు కనపడుతోందో అడగండి, స్కూల్ హెల్త్ వాళ్లు వచ్చినప్పుడు చూపించండి. అదీ కాకపోతే ముందు ఇద్దరిద్దరి పనుల్లో పెట్టి, నెమ్మదిగా నలుగురిలోకి తీసుకురండి.