తుపాకీ కొనకముందు: చెన్నైలో రైఫిల్, షాట్‌గన్ పోటీలకు తొలి ఏడాది

చెన్నైలోని తెలుగు ఇళ్లలో ఎవరికైనా షూటింగ్ మీద మనసు పోయిందంటే మొట్టమొదట అడిగే ప్రశ్న "ఏ రైఫిల్ కొనమంటారు?" అన్నదే. తొలి ఆరు నెలలూ ఏదీ కొనవద్దని నేను చెబుతాను. ఆ మాట విన్నవారిలో సగం మంది ముఖం చిన్నబుచ్చుకుంటారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగినవాడు కాబట్టి, ఆయన పేరు చెప్పి పిల్లలను రేంజికి వెంటబెట్టుకు వచ్చే తల్లిదండ్రులు ఇక్కడ కనిపిస్తారు. నటుడు అజిత్ 2021లో రాష్ట్ర పోటీల్లో పతకాలు గెలిచిన వార్త చదివి, నలభై దాటాక మొదలుపెట్టవచ్చా అని అడిగేవారూ ఉన్నారు. నిరభ్యంతరంగా మొదలుపెట్టవచ్చు. ఈ క్రీడలో పరుగెత్తే పని లేదు. కదలకుండా నిలబడడమే పని, అదే కష్టం.

ముందుగా ఏ విభాగమో తేల్చుకోవాలి. ఎయిర్ రైఫిల్‌లో 4.5 మి.మీ. సీసపు పెల్లెట్‌ను 10 మీటర్ల దూరంలోని లక్ష్యం మీదికి పేలుస్తారు. అక్కడ పది పాయింట్లిచ్చే నడిమి వలయం కేవలం 0.5 మి.మీ. చుక్క. 50 మీటర్ల రైఫిల్‌లో .22 అంగుళాల తూటాతో మోకాలి మీద కూర్చుని, బోర్లా పడుకుని, నిలబడి, మూడు భంగిమల్లోనూ కాల్చాలి. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలేకు కాంస్యం వచ్చింది ఇందులోనే. షాట్‌గన్‌తో గాలిలోకి విసిరే పళ్లేలను కాల్చే పోటీల్లో ప్రధానమైనవి ట్రాప్, స్కీట్ అనే రెండు. మీ మనసు షాట్‌గన్ మీదే ఉన్నా సరే, ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టమనే నా సలహా. 500 పెల్లెట్లుండే ఒక డబ్బా కొత్తవారికి చాలా రోజులు వస్తుంది. పాతిక షాట్‌గన్ తూటాల పెట్టె మాత్రం ట్రాప్‌లో ఒక్క రౌండుకే చాలకపోవచ్చు, ఎందుకంటే ప్రతి పళ్లేనికీ రెండుసార్లు కాల్చే వీలుంటుంది.

చట్టం కూడా ఇదే దారి చూపిస్తుంది. పోటీలకు వాడే 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్ శక్తి 20 జౌళ్ల హద్దుకు చాలా లోపలే ఉంటుంది కాబట్టి దానికి ఆయుధ లైసెన్సు అవసరం లేదు. .22 రైఫిల్‌కైనా షాట్‌గన్‌కైనా 1959 నాటి ఆయుధ చట్టం కింద లైసెన్సు ఉండితీరాలి; చెన్నై నగరంలో దాన్ని ఇచ్చే అధికారం పోలీసు కమిషనర్‌ది, 21 ఏళ్లు నిండనివారికి ఇవ్వరు. ఆ వయసులోపు వారు చట్టం అనుమతించిన మేరకు క్లబ్బు పర్యవేక్షణలోనే సాధన చేయాలి.

క్లబ్బును ఎంచుకునేటప్పుడు గోడ మీది పతకాల ఫోటోలు చూడకండి. రాష్ట్ర షూటింగ్ సంఘం గుర్తింపు ఉందా, అద్దెకు రైఫిల్ ఇస్తారా, ఎడమచేతివాటం వారికి సరిపడేది ఉందా, కోచ్ ఒకేసారి ఎంతమందిని చూసుకుంటారు అన్నవి అడగండి. మొదటి రోజే పెల్లెట్లు చేతిలో పెట్టి "కాల్చండి" అనే చోటి కంటే, గంటసేపు భద్రతా నియమాలు చెప్పి ఖాళీ తుపాకీని ఎత్తించి దింపించే చోటు మేలు. ఆ నియమాలు కొద్దే: గొట్టం ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండాలి, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, కాల్చనప్పుడు గొట్టం ఖాళీ అని తెలిసేలా అందులో రంగు దారం కనబడుతూ ఉండాలి, "స్టాప్" అన్న మాట వినబడితే సగంలో ఉన్న షాటును కూడా వదిలేయాలి.

నిలబడే తీరు దగ్గరే నిజమైన చదువు మొదలవుతుంది. కుడిచేతివాటం వారు ఎడమ పక్కను లక్ష్యం వైపు తిప్పి, పాదాలను భుజాల వెడల్పున ఉంచి, ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద గానీ దాని పైనున్న పక్కటెముకల మీద గానీ ఆనించి, రైఫిల్ బరువు కండరాల మీద కాక ఎముకల మీదుగా నేలకు దిగేలా చూసుకోవాలి. భుజం నొప్పి పుడుతోందంటే బరువును చేతులతో మోస్తున్నారని అర్థం. భంగిమ కుదిరాక కళ్లు మూసుకుని రెండు సార్లు ఊపిరి తీసి వదిలి కళ్లు తెరవండి. గురి లక్ష్యానికి పక్కకు జరిగి ఉంటే చేతులతో లాగకండి. వెనక పాదాన్ని కొద్దిగా తిప్పి ఒళ్లంతటినీ జరపండి. చేతులతో లాగి కాల్చిన షాటు ట్రిగ్గర్ కదిలిన క్షణంలో మళ్లీ పాత చోటికే పోతుంది.

గురి చూడడానికి గొట్టం కొసన ఉండే ముందు సైటులోని వలయం నడుమ లక్ష్యపు నల్లని గుండ్రం సమానంగా కూర్చున్నప్పుడు, సగం ఊపిరి వదిలి ఆపి, ట్రిగ్గర్ మీద ఒత్తిడిని మెల్లగా పెంచాలి. పది సెకన్లలోపు షాటు పడకపోతే రైఫిల్ దింపేయండి. ఇదొక్కటి అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది. ఎత్తిన తుపాకీని కాల్చకుండా దింపడం ఓటమిలా అనిపించేది. షాటు పేలాక కూడా రెండు సెకన్లు గురిలోంచి కన్ను తీయకూడదు. ఇంట్లో గోడ మీద చిన్న చుక్క పెట్టుకుని, పెల్లెట్లు ఆ గదిలోనే లేకుండా చూసుకుని, ఖాళీ రైఫిల్‌తో రోజూ ఇరవై నిమిషాలు సాధన చేసేవారు, ఆదివారం ఒక్కరోజే వచ్చి రెండు వందల పెల్లెట్లు కాల్చేవారి కంటే ముందుకు పోతారు.

కొనవలసివస్తే ముందు జాకెట్టు, బూట్లు కొనండి. రైఫిల్ అద్దెకు దొరుకుతుంది. మీ ఒంటికి సరిపడే జాకెట్టు దొరకదు. పోటీకి ముందు దాని మందాన్నీ బిరుసునూ కొలుస్తారు కాబట్టి, వదులుగా ఉందని ఇష్టమొచ్చినట్టు అతుకులు వేయించకూడదు. చెన్నై ఉక్కపోతలో కాన్వాసు, తోలు కలిపి కుట్టిన ఆ జాకెట్టు అరగంటకే లోపల తడిసిపోతుంది. పలుచని నూలు బనియను తొడుక్కుని, సాధన అయ్యాక జాకెట్టును సంచిలో కుక్కకుండా నీడలో వేలాడదీయండి.

పాత రైఫిల్ కొనేవారు, పెల్లెట్‌ను తోసే గాలిని నింపే సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడాలి. తయారై పదేళ్లు దాటిన సిలిండర్ 200 బార్ల ఒత్తిడికి నమ్మదగింది కాదు. నేను ఒక సీనియర్ దగ్గర కొన్న రైఫిల్‌కు మెరుగు చూశాను, తేదీ చూడలేదు. పోటీ నాడు తనిఖీ బల్ల దగ్గర అధికారి సిలిండర్‌ను వేలితో తిప్పి చూపించాక, చెంపకు ఆనని అరువు రైఫిల్‌తో 60 షాట్లూ కాల్చవలసివచ్చింది.

షాట్‌గన్ స్వభావమే వేరు. రైఫిల్‌లో గురి చూస్తారు, ఇందులో పళ్లేన్నే చూస్తారు. 110 మి.మీ. వ్యాసంగల పళ్లెం ట్రాప్‌లో కందకంలోని 15 యంత్రాల్లో ఒకదాని నుంచి, ఏ వైపుకో తెలియకుండా దూసుకుపోతుంది. స్కీట్‌లో యంత్రాలుంచిన రెండు గూళ్ల నుంచి తెలిసిన దారిలోనే వస్తుంది గానీ, పళ్లెం కనబడేదాకా తుపాకీ మడమను (భుజానికి ఆనించే వెనక భాగాన్ని) నడుము దగ్గరే ఉంచాలి. కన్నే ఇక్కడ వెనక సైటు కాబట్టి మడమ పొడవు ఒంటికి కుదరకపోతే ఎంత సాధన చేసినా వ్యర్థమే. ఏ కన్ను పైచేయిదో ముందే చూసుకోండి: రెండు అరచేతుల మధ్య చిన్న సందులోంచి దూరపు వస్తువును రెండు కళ్లతో చూసి, ఒక్కో కన్నూ మూయండి, ఏది మూస్తే వస్తువు తప్పిపోతుందో అదే. అది ఎడమదై, మీరు కుడి భుజానికి తుపాకీ ఆనిస్తే, కోచ్‌తో మొదటి రోజే చెప్పాలి. తొలినాళ్లలో పళ్లెం తప్పడానికి పెద్ద కారణం ట్రిగ్గర్ నొక్కగానే గొట్టాన్ని ఆపేయడం. చెవులకూ కళ్లకూ రక్షణ లేకుండా గీత దగ్గరికి పోనేకూడదు. తమిళనాడుకు చెందిన పృథ్వీరాజ్ తొండైమాన్ 2024 పారిస్‌లో ట్రాప్ ఆడారు కనుక, ఈ దారి ఇక్కడి నుంచి ఎంత దూరం పోతుందో ఊహించుకోవచ్చు.

పోటీలకు క్లబ్బు ద్వారా రాష్ట్ర స్థాయిలో పేరు నమోదు చేయించుకోవాలి. అక్కడి స్కోరును బట్టి పై పోటీలకు, చివరికి జాతీయ పోటీలకు దారి తెరుచుకుంటుంది. ఎలక్ట్రానిక్ లక్ష్యాల మీద ఎయిర్ రైఫిల్ 60 షాట్లకు గంటా పదిహేను నిమిషాల గడువు, దానికి ముందు సిద్ధపడడానికీ లెక్కలోకి రాని షాట్లకూ 15 నిమిషాలు. స్కోరును దశాంశాల్లో లెక్కిస్తారు కాబట్టి ఒక్కో షాటుకు అత్యధికం 10.9. మొదటి పోటీలో ఆ 15 నిమిషాలనూ కాల్చడానికే ఖర్చు పెట్టకండి. సగం సేపు పాదాలను సరిచూసుకోండి. తువ్వాలు, నీళ్లు, స్క్రూడ్రైవరు దగ్గరుంచుకోండి. పెల్లెట్లు సీసంతో చేసినవి, కాబట్టి పోటీ ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోనిదే టిఫిన్ డబ్బా మూత తీయకండి.