కంపెనీకి యాభై ఏళ్ళు నిండుతున్నప్పుడు: వేడుకను పేర్లతో మొదలుపెట్టే పద్ధతి

బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మీదుగా జయపురం దాకా ఒడిశా సరిహద్దు పట్టణాల్లో తెలుగు కుటుంబాలు స్థాపించినవీ, తెలుగువారు పెద్ద సంఖ్యలో పనిచేసినవీ అయిన మిల్లులు, జీడిపప్పు కర్మాగారాలు, వస్త్ర వ్యాపార సంస్థలు, రవాణా కంపెనీలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏదైనా యాభయ్యో ఏటికో డెబ్భై అయిదో ఏటికో చేరి, యాజమాన్యం వేడుక చేయాలని సంకల్పించగానే మొదట కల్యాణమండపం మాట్లాడతారు, ఆ వెంటనే ముఖ్య అతిథి ఎవరన్న చర్చ మొదలవుతుంది. ఈ రెండు పనులూ చివరన రావలసినవనీ, అన్నిటికంటే ముందు చేయవలసింది పేర్లు సేకరించడమనీ నా నమ్మకం. ఆ నమ్మకం ఎలా కలిగిందో ముందుగా చెప్పడం అవసరం.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో జమాఖర్చులు రాశాను. ఆ మిల్లు ఇరవై అయిదో వార్షికోత్సవం ఘనంగా జరిగింది. యజమానులు, అధికారులు, బ్యాంకు మేనేజరు వేదిక మీద కూర్చున్నారు, దీర్ఘకాలం పనిచేసినవారి పేర్లు చదివి శాలువాలు కప్పారు. మరుసటి శనివారం కూలి తీసుకోవడానికి వచ్చిన ఒక ముసలామె, ధాన్యం ఆరబోసే కళ్ళంలో పద్దెనిమిదేళ్ళు పనిచేసిన మనిషి, "ఏటి బాబూ, మా పేర్లు సదవనేదు?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. వారం వారం నా చేత్తో నేను రాసిన పద్దు "కళ్ళం కూలీలు 14" అని మాత్రమే ఉండేది. ఆమె పేరు మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. యాభయ్యో ఏటి వేడుక పని నాకు అప్పగించినప్పుడు ఆ పద్దు దగ్గర నుంచే మొదలుపెట్టాను.

ఏ తేదీని లెక్కకు తీసుకోవాలి

చాలా సంస్థలకు మూడు పుట్టినరోజులు ఉంటాయి. మొదట నలుగురు కలిసి భాగస్వామ్యంగా మొదలుపెట్టిన రోజు, తరువాత అది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా నమోదైన రోజు, మూడోది నిజంగా యంత్రం తిరిగిన రోజు. భాగస్వామ్య సంస్థ అయితే 1932 నాటి చట్టం కింద రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు కాగితం ఉండవచ్చు. కంపెనీ అయితే ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ మీద తేదీ ఉంటుంది, అది కనబడకపోతే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో కంపెనీ పేరు మీద వెతికి చూడవచ్చు. ఒడిశా కంపెనీలకు సంబంధించిన రిజిస్ట్రార్ కార్యాలయం కటక్‌లో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి గనుక, అంతకంటే పాత సంస్థల కాగితాలు మద్రాసు ముద్రలతో దొరికితే ఆశ్చర్యపోనవసరం లేదు.

ఈ మూడింటిలో నేను మొగ్గు చూపేది యంత్రం తిరిగిన రోజుకు. కార్మికులకు గుర్తుండేది అదే. అయితే ఆహ్వానపత్రిక మీద "నమోదు" అన్న మాటనూ "ప్రారంభం" అన్న మాటనూ కలిపివేయకుండా, ఏది ఏ తేదీనో స్పష్టంగా రాయాలి.

వేడుక జరిపే రోజు సరిగ్గా ఆ తేదీకే పడనవసరం లేదు, ఇక్కడ మన ప్రాంతపు వాతావరణాన్నీ పంచాంగాన్నీ రెండింటినీ చూసుకోవాలి. అక్టోబరు రెండో వారంలో ఆరుబయట షామియానా వేయవద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది, మరుసటి ఏడాది అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తింది. తెలుగు ఇళ్ళలో ఆషాఢం, ధనుర్మాసం ఎలా చూస్తారో మనకు తెలుసు, అలాగే ఒడియా ఇళ్ళలో జూన్ నడుమ రజ పండుగ రోజుల్లో ఆడవాళ్ళు పనిచేయరనీ, కార్తికంలో చాలామంది మాంసం ముట్టరనీ, మార్గశిర గురువారాలు లక్ష్మీపూజకు కేటాయిస్తారనీ కూడా గుర్తుంచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం పని తగ్గే కాలాన్ని ఎంచుకోవడం. కొత్త ధాన్యం వచ్చే శీతకాలంలో బియ్యం మిల్లులోనూ, పచ్చి జీడిగింజ వచ్చే వేసవిలో జీడి కర్మాగారంలోనూ వేడుక పెడితే ఎవరికీ ఊపిరి సలపదు.

మేము సెప్టెంబరు 17ను ఎంచుకున్నాం. ఆ రోజు జరిగే విశ్వకర్మ పూజ ఒడిశా కర్మాగారాలన్నిటికీ పెద్ద పండుగ, పైగా కొత్త పంట రాకముందు మా గోదాము దాదాపు ఖాళీగా ఉంటుంది గనుక వానకు భయపడకుండా అందులోనే సభ పెట్టుకోగలిగాం. ఆ ఏడాది ఆ తేదీ మహాలయ పక్షంలో పడింది. ఒకరిద్దరు సందేహించినా, పోయినవారి పేర్లు చదవబోతున్న సభ కాబట్టి ఆ రోజులే తగినవని మా పురోహితుడు అన్నారు, ఆ మాట అందరికీ నచ్చింది.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి

ఈ పనికి కనీసం పది నెలలు కేటాయించండి. మస్టరు రోలు (హాజరు పట్టీ), జీతాల రిజిస్టరు, ప్రావిడెంటు ఫండు కాగితాలు మొదటి ఆధారాలు. గ్రాట్యుటీ నామినేషన్ కోసం నింపిన పాత ఫారం ఎఫ్ పత్రాలు ఇంకా ఎక్కువ ఉపయోగపడతాయి, ఎందుకంటే వాటిలో భార్య పేరో పిల్లల పేరో ఊరో ఉంటుంది, ఆ మనిషి లేకపోయినా ఆ కుటుంబాన్ని చేరుకునే దారి దొరుకుతుంది. కానీ రోజుకూలీలు, బస్తాలు మోసే కాంట్రాక్టు కళాసీలు, కళ్ళంలో పనిచేసిన ఆడవాళ్ళు ఈ కాగితాల్లో ఉండరు. వారి పేర్లు మేస్త్రి జేబు పుస్తకంలోనూ, గేటు ఎదుటి టీ దుకాణం అరువు ఖాతాలోనూ, ఏటా విశ్వకర్మ పూజకు వసూలు చేసిన చందా పుస్తకంలోనూ ఉంటాయి. మా మేస్త్రి చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆయన కోడలు అటక మీది రేకుపెట్టె దింపి ఇచ్చిన ఏడు నోటుపుస్తకాల్లో, నేను "14" అని రాసిన ప్రతి వారానికీ పద్నాలుగు పేర్లు ఉన్నాయి.

ప్రతి మనిషికీ మూడు గడులు పెట్టి రాయడం మంచిది. కాగితంలో ఉన్న పేరు ఒకటి, తోటివారు పిలిచిన పేరు ఒకటి, ఆ మనిషి లేదా కుటుంబం బయట చదవాలని కోరుకునే పేరు ఒకటి. ఒడియా గుమస్తా రాసిన తెలుగు పేరు, తెలుగు గుమస్తా రాసిన కంధ, సవర గిరిజనుల పేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోయి ఉంటాయి, మూడో గడి వారిని అడిగి మాత్రమే నింపాలి.

పాత ఉద్యోగుల ఇళ్ళకు ఇద్దరు కలిసి వెళ్ళండి, ఒకరు మాట్లాడటానికి, ఒకరు రాసుకోవడానికి. వారి గొంతు రికార్డు చేసేముందు అనుమతి అడిగి, ఎక్కడ వినిపిస్తారో చెప్పండి. "మీ అనుభూతి ఏమిటి" అని అడిగితే ఎవరైనా నాలుగు మర్యాద మాటలు చెప్పి ఊరుకుంటారు. మొదటి రోజు మిమ్మల్ని ఎవరు తీసుకొచ్చారు, మొదటి కూలి ఎంత, మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తిన్నారు, బాయిలరు ఆగిపోయిన రాత్రి ఏం చేశారు, నౌపడ–గుణుపురం చిన్న రైలు నడిచిన రోజుల్లో సరుకు ఎలా వచ్చేది, ఇలా అడిగితే మాట దానంతట అదే సాగుతుంది. ప్రమాదాలను దాచవద్దు. బెల్టులో చెయ్యి పోగొట్టుకున్న ఫిట్టరు కథ లేకుండా ఒక మిల్లు చరిత్ర రాస్తే, అది చదివిన కార్మికుడు తక్కిన పుటలను కూడా నమ్మడు. సమ్మె జరిగి ఉంటే అదీ రాయాలి, ఇరుపక్షాలవారినీ అడిగి రాయాలి.

ఫొటోలు ఇంటివారి దగ్గర నుంచి తీసుకుపోకుండా అక్కడే స్కాన్ చేయగలిగితే మేలు. పేర్లు వెనకవైపు మెత్తటి పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్ను ఒత్తు ముందుకు తేలుతుంది. పాత ఫొటోలను లామినేషన్ మాత్రం చేయించవద్దు, ఆ తరువాత వాటిని విడదీసి బాగుచేయడం అసాధ్యం.

ఎన్ని భాషల్లో

మన సరిహద్దు జిల్లాల్లో ఒకే గేటులోంచి తెలుగు, ఒడియా, కుయి (కంధల భాష), సవర మాట్లాడేవారు లోపలికి వస్తారు. ఆహ్వానం, శిలాఫలకం, సభా నిర్వహణ తెలుగు, ఒడియా రెండింటిలోనూ సమానమైన అక్షర పరిమాణంతో ఉండాలి. ఒకటి పెద్దగా, మరొకటి అడుగున చిన్నగా ఉంటే ఆ తేడాను అందరూ గమనిస్తారు. కంధ, సవర కార్మికులు ఉన్నచోట కనీసం స్వాగత వాక్యాలైనా వారి భాషలో, వారిలో ఒకరి నోట వినిపించాలి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు సవరల భాష నేర్చుకుని, వారి పిల్లల చదువు కోసం పుస్తకాలు తయారుచేశారు. ఆ గడ్డ మీద వ్యాపారం చేసే మనం నాలుగు వాక్యాలు నేర్చుకోలేమా? సవరలో రాయించదలిస్తే లిపి ఏదో ముందుగా ఆ ఊరి పెద్దలను అడగండి. 1936లో మంగెయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపిని అభిమానించేవారు ఉన్నారు, తెలుగు లేదా ఒడియా లిపిలో చదవడానికి అలవాటుపడినవారూ ఉన్నారు.

బహుమతులు, లెక్కలు

బహుమతి మన నేల మీద తయారైనదై ఉండాలని నా అభిప్రాయం. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు, భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన బరంపురం పట్టు, నియమగిరి కొండల డొంగ్రియా కంధ మహిళలు కుట్టే కపడాగండా శాలువా మనకు అందుబాటులోనే ఉన్నాయి, ఆ శాలువాకు 2024లో గుర్తింపు వచ్చింది. ఇవన్నీ చేతిపనులు. వారం ముందు వెళ్ళి రెండు వందలు కావాలంటే దొరకవు, దొరికినా మరమగ్గం నకలు అంటగడతారు. ఆరు నెలల ముందే నేతవారితోనూ పనివారితోనూ నేరుగా మాట్లాడి, అడ్వాన్సు ఇచ్చి ఒప్పుకోండి. కాంట్రాక్టు కార్మికులకు ఒక రకం, పర్మనెంటు వారికి మరో రకం ఇవ్వవద్దు.

ఆడిటరుతో ముందే మాట్లాడవలసిన విషయాలు మూడు. ఒక ఉద్యోగికి ఒక ఆర్థిక సంవత్సరంలో ఇచ్చే బహుమతులు 50,000 రూపాయల లోపు ఉంటే వాటి మీద జీఎస్టీ పడదు, అయితే బహుమతులుగా పంచిన సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని సర్దుబాటు చేసుకోవడం) తీసుకోకూడదు. ఆదాయపు పన్ను పరిమితి వేరు, నగదు రూపంలో ఇస్తే అది జీతంతో సమానం అవుతుంది, కాబట్టి ఆ ఏడాదికి వర్తించే నియమం అడిగి తెలుసుకోండి. మూడోది, కంపెనీకి సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధి ఉంటే వేడుక ఖర్చును అందులో చూపించాలని కొందరు ఆశపడతారు. కేవలం ఉద్యోగులకూ వారి కుటుంబాలకూ మేలు చేసే పనులు ఆ లెక్కలోకి రావని నిబంధనలే చెబుతున్నాయి.

మొత్తం బడ్జెటులో సగమైనా ఆ సాయంత్రం దాటి నిలిచేవాటికి పెట్టాలి. కళ్ళంలో పనిచేసే ఆడవాళ్ళకు నీడ ఉన్న విశ్రాంతి గది, మంచి మరుగుదొడ్లు మా మిల్లులో యాభయ్యో ఏటి దాకా లేవు. పూలకు, లైట్లకు అనుకున్న డబ్బుతో అవి కట్టించాం.

ఆ రోజు

సభ గురించి నేను చెప్పేది తక్కువ. కంపెనీ డైరెక్టర్లు కింద కూర్చోవాలి, వేదిక మీద అందరికంటే పాత కార్మికులు కూర్చోవాలి. ముఖ్య అతిథికి పది నిమిషాలు చాలు. పేర్లన్నీ, ఎంతసేపు పట్టినా, ఇద్దరు మార్చి మార్చి చదవాలి. మా దగ్గర 412 పేర్లకు నలభై నిమిషాలకు పైగా పట్టింది, ఒక్కరూ లేచి వెళ్ళలేదు. చదివేవారు ముందురోజు పేర్లన్నీ గట్టిగా చదివి చూసుకోవాలి. రాత్రి పది తరువాత లౌడ్‌స్పీకరు చట్టరీత్యా నిషేధం గనుక సభను సాయంత్రం నాలుగింటికే మొదలుపెట్టండి. భోజనంలో పులిహోరతో పాటు ఒడియావారి డాల్మా (కూరగాయలు వేసిన పప్పు), ఖీరీ (పాయసం) ఉంటే ఎవరి ఇంటి రుచి వారికి దొరుకుతుంది. నడవలేని పెద్దలకు బండి పంపాలి, వడ్డన మొదట వారి దగ్గర మొదలు కావాలి.

పేర్లు చెక్కిన ఫలకాన్ని ఆఫీసు గదిలో కాకుండా, కార్మికులు రోజూ వచ్చిపోయే గేటు పక్కన గోడకు పెట్టించండి. చెక్కేవాడితో అడుగున నాలుగైదు వరుసలు ఖాళీగా వదలమని ముందే చెప్పండి. మా ఫలకం పెట్టిన నెలలోపే, మేము ఏ పుస్తకంలోనూ చూడని మూడు పేర్లతో ఆ కుటుంబాలవారు గేటు దగ్గరకు వచ్చారు.